కాటా కంప్యూటర్‌కు పెన్‌డ్రైవ్ సరిపోతుందా?

ప్రశ్న: చీమకుర్తి దగ్గర కర్నూలు రోడ్డు మీద మాకు వేబ్రిడ్జి ఉంది. క్వారీలకు వెళ్లే లారీలు ఖాళీగా ఒకసారి, రాయి ఎత్తుకొని వచ్చేటప్పుడు మరోసారి తూకం వేయించుకొని చీటీ తీసుకుంటాయి. రెండేళ్లలో మా కంప్యూటర్‌లో రెండు హార్డ్ డిస్కులు పోయాయి. రాతి దుమ్ము, లారీల అదురు వల్లనే పోతున్నాయని బాగుచేసేవారు అన్నారు. ఒంగోలులో ఇంజనీరింగ్ చదువుతున్న మా అన్నగారి అబ్బాయి హార్డ్ డిస్కు తీసేసి, 64 జీబీ పెన్‌డ్రైవ్‌లోనే విండోస్, కాటా సాఫ్ట్‌వేర్ వేసి ఇచ్చాడు. నడుస్తోంది కానీ, చీటీ ప్రింటు కొట్టబోతే ఒక్కోసారి అర నిమిషం బిగుసుకుపోతోంది. ఇందులో కదిలే భాగాలేవీ లేవు కనుక దుమ్ముకూ అదురుకూ భయం లేదనీ, రాత్రి తీసి జేబులో వేసుకొని ఇంటికి తీసుకువెళ్లవచ్చుననీ అబ్బాయి అంటున్నాడు. ఫోన్లలో ఉండేదీ ఇలాంటి మెమరీయే కదా అని అతని వాదన. దీన్నే శాశ్వతంగా ఉంచుకోవచ్చునా?

సమాధానం: మీ అన్నగారి అబ్బాయి మాటలో కొంత నిజం ఉంది. పెన్‌డ్రైవ్‌లో తిరిగే పళ్లెం లేదు, దాని మీద కదలాడే హెడ్ లేదు, కాబట్టి లారీల అదురు దాన్ని ఏమీ చేయదు. అయితే ఆ మాట ఎస్‌ఎస్‌డీకి, అంటే హార్డ్ డిస్కు స్థానంలో బిగించే చిప్పుల డిస్కుకు కూడా అంతే వర్తిస్తుంది కనుక, అదురు ఒక్కటే కారణమైతే పెన్‌డ్రైవ్‌నే ఎంచుకోవలసిన అవసరం లేదు. నా అభిప్రాయం ముందే చెబుతాను. కొత్త డిస్కు తెచ్చుకొనేదాకా కొద్ది రోజులు పని ఆగకుండా చూసుకోవడానికి పెన్‌డ్రైవ్ పనికివస్తుంది. మీ కాటా లెక్కలన్నిటినీ దాని మీదే ఆధారపెట్టి ఏళ్ల తరబడి నడపడానికి మాత్రం అది పనికిరాదు.

కారణం ఆ మెమరీ పనిచేసే తీరులో ఉంది. పెన్‌డ్రైవ్‌లో ఉండేది ఫ్లాష్ మెమరీ. 1980లలో జపాన్‌లోని తోషిబా సంస్థలో ఫుజియో మసువోకా అనే ఇంజనీరు రూపొందించిన ఈ రకం మెమరీ, కరెంటు లేకపోయినా రాసినదాన్ని నిలుపుకుంటుంది. 2000లో పెన్‌డ్రైవ్‌లు మొదటిసారి మార్కెట్‌లోకి వచ్చినప్పుడు వాటిలో 8 మెగాబైట్లు పట్టేవి. 1.44 మెగాబైట్ల ఫ్లాపీకి బదులుగా, ఫైళ్లను ఒక చోటి నుంచి మరొక చోటికి మోసుకుపోవడానికే వాటిని తయారుచేశారు. పరిమాణం వేల రెట్లు పెరిగినా ఆ ఉద్దేశం నేటికీ మారలేదు. ఒక పెద్ద ఫైలును ఏకధాటిగా రాయడం, ఆ తరువాత చదువుకోవడం, మధ్యలో ఎక్కువ సమయం ఊరికే పడి ఉండడం అనే వాడకాన్ని దృష్టిలో పెట్టుకొని, వీలైనంత తక్కువ ఖర్చులో దాన్ని చేస్తారు.

ఫ్లాష్ మెమరీలో ఒకసారి రాసిన చోట నేరుగా మళ్లీ రాయడం కుదరదు. ముందు చెరపాలి. రాయడం చిన్న పేజీలుగా జరుగుతుంది కానీ, చెరపడం మాత్రం అలాంటి పేజీలు వందలకొద్దీ ఉండే పెద్ద బ్లాకులుగానే జరుగుతుంది. ఇప్పటి చిప్పులలో పేజీ కొలత కిలోబైట్లలో ఉంటే, బ్లాకు కొలత మెగాబైట్లలో ఉంటుంది. పలక మీద ఒక్క అక్షరం మార్చాలన్నా పలకంతా తుడిచి మొత్తం తిరిగి రాయవలసి వచ్చినట్లు ఉంటుంది ఈ వ్యవహారం. మీ కాటా సాఫ్ట్‌వేర్ ఒక తూకానికి రాసేది లారీ నంబరు, పార్టీ పేరు, సమయం, బరువు, అంతా కలిపితే కొన్ని వందల బైట్లు మాత్రమే. ఆ కాస్త మార్పు కోసం డేటాబేస్ ఫైలులో ఒక భాగం, దాని సూచికలో ఒక భాగం, ఏ మార్పు జరిగిందో విండోస్ తన పద్దులో రాసుకొనే భాగం మారుతాయి. ఈ మూడూ డిస్కులో మూడు వేర్వేరు చోట్ల ఉంటాయి కనుక, కొన్ని వందల బైట్ల తూకం కోసం పెన్‌డ్రైవ్ లోపల మెగాబైట్లకొద్దీ సమాచారాన్ని ఒక బ్లాకు నుంచి ఇంకొక బ్లాకుకు ఎత్తిపోయవలసి రావచ్చు.

ప్రింటు కొట్టబోయే సమయానికే బిగుసుకుపోవడానికి కారణం చాలావరకు ఇదే. చీటీ ప్రింటరుకు వెళ్లే ముందు తూకం డేటాబేస్‌లో నమోదు కావాలి. ప్రింటుకు పంపిన పేజీని కూడా విండోస్ ముందు డిస్కు మీద ఒక ఫైలుగా రాసుకొని, తరువాత ప్రింటరుకు అందిస్తుంది. సరిగ్గా అదే సమయంలో పెన్‌డ్రైవ్ లోపల రాతను నడిపించే కంట్రోలర్ చిప్పు పాత బ్లాకులను చెరిపి చోటు చేసుకొనే పనిలో ఉంటే, అది పూర్తయ్యేదాకా అన్నీ వరుసలో నిలబడవలసిందే. పైగా మామూలు పెన్‌డ్రైవ్‌లు వాడే యూఎస్‌బీ పద్ధతిలో ఒక ఆదేశం ముగిసేదాకా రెండో ఆదేశాన్ని స్వీకరించరు. కంప్యూటర్ లోపల సాటా అనే తీగతో బోర్డుకు బిగించిన డిస్కయితే 32 ఆదేశాలను ఒకేసారి వరుసలో పెట్టుకొని, తనకు అనువైన క్రమంలో ముగించగలదు. ప్యాకెట్ మీద సెకనుకు ఇన్ని మెగాబైట్లు అని వేసే అంకె పెద్ద ఫైలును చదివే వేగమే. చెదురుమదురుగా చిన్న చిన్న ముక్కలు రాయవలసి వచ్చినప్పుడు చాలా పెన్‌డ్రైవ్‌ల వేగం సెకనుకు ఒక్క మెగాబైటు కంటే కూడా కిందికి పడిపోతుంది. కాబట్టి 64 జీబీది తీసి 128 జీబీది పెట్టినా, నల్ల (యూఎస్‌బీ 2) పోర్టులో నుంచి తీసి నీలం (యూఎస్‌బీ 3) పోర్టులో పెట్టినా విండోస్ కొంచెం త్వరగా తెరుచుకోవచ్చునేమో కానీ, ఆ బిగుసుకుపోవడం పూర్తిగా పోదు.

బిగుసుకుపోవడాన్ని ఓపికతో భరించవచ్చు. నన్ను ఎక్కువగా కలవరపెట్టేది అరుగుదల. ఫ్లాష్ మెమరీలోని ప్రతి గడినీ ఇన్నిసార్లే చెరిపి రాయగలం అనే పరిమితి ఉంటుంది. ఒక గడిలో ఒకే బిట్టు దాచే పాతకాలపు ఖరీదైన రకం లక్షసార్ల దాకా తట్టుకొనేది. ఒక గడిలో మూడు బిట్లు దాచే ఇప్పటి సాధారణ రకం సుమారు వెయ్యి నుంచి మూడు వేల సార్లు తట్టుకుంటుంది, నాలుగు బిట్లు దాచేది అంతకంటే తక్కువ. ఎస్‌ఎస్‌డీలోనూ ఇవే రకాల చిప్పులు ఉంటాయి కదా అని మీరు అడగవచ్చు. తేడా కంట్రోలర్‌లో ఉంది. ఎస్‌ఎస్‌డీలో రాతను అన్ని గడులకూ సమంగా పంచే ఏర్పాటు ఉంటుంది, చెడిపోయిన గడుల స్థానంలో వాడుకోవడానికి కొంత చోటు విడిగా ఉంచుతారు, ఏ ఫైళ్లు చెరిపేశారో విండోస్ దానికి ఎప్పటికప్పుడు తెలియజేస్తుంది, ఎంత అరిగిందో అడిగితే చెప్పే పద్దు కూడా ఉంటుంది. పెన్‌డ్రైవ్‌లో వీటిలో కొన్ని అసలు ఉండవు, మిగిలినవి నామమాత్రంగా ఉంటాయి. 240 జీబీ సాధారణ ఎస్‌ఎస్‌డీ వివరాలలో 80 టెరాబైట్ల (80 వేల జీబీ) రాత వరకు హామీ అనే తరహా అంకె కనిపిస్తుంది. రోజుకు 20 జీబీ రాసినా అది పదేళ్లు దాటే మాట. పెన్‌డ్రైవ్ ప్యాకెట్ మీద అలాంటి అంకె సాధారణంగా కనిపించదు. తయారు చేసినవారే ఇవ్వని హామీని మనంతట మనం ఊహించుకొని వ్యాపారం నడపడం నాకు సమంజసంగా తోచదు.

ఫోన్ల సంగతీ ఇంతే. ఫోన్‌లో ఉన్నది ఫ్లాష్ మెమరీయే అయినా, రాత్రింబగళ్లు ఆపరేటింగ్ సిస్టమ్‌ను మోయడానికే తయారుచేసిన కంట్రోలర్ దాని వెంట ఉంటుంది. చిప్పు ఒకటే కదా అని పెన్‌డ్రైవ్ నుంచి అదే మన్నిక ఆశించకూడదు.

పెన్‌డ్రైవ్ చెడిపోయే తీరు కూడా మీకు అనుకూలమైనది కాదు. హార్డ్ డిస్కు పోయేముందు చాలాసార్లు ఏదో ఒక సంకేతం ఇస్తుంది, కిరకిరమంటుంది, కొన్ని ఫైళ్లు తెరుచుకోవు, ఆరోగ్యం చూపే సాఫ్ట్‌వేర్‌లో పసుపు రంగు కనబడుతుంది. పెన్‌డ్రైవ్ నిన్న సాయంత్రం దాకా పనిచేసి ఈ ఉదయం అసలు కనిపించకపోవచ్చు, లేదా చదవనిస్తుంది కానీ రాయనివ్వదు. విండోస్‌కు రాయనివ్వని డిస్కు ఉన్నా లేనట్లే. కరెంటు పోవడం మరో ప్రమాదం. ఏ సమాచారం ఏ బ్లాకులో ఉందో చెప్పే పట్టికను పెన్‌డ్రైవ్ తన మెమరీలోనే దాచుకుంటుంది. ఆ పట్టికను మార్చుతున్న క్షణంలో కరెంటు పోతే, అప్పుడు రాస్తున్న తూకమే కాదు, ఎప్పుడో రాసిన తూకాలూ అందకుండా పోవచ్చు. మీ విషయంలో ఇది ఎంత చిక్కో ఆలోచించండి. ఉదయం ఖాళీగా తూగి రామతీర్థం వైపు క్వారీకి వెళ్లిన లారీ, మధ్యాహ్నం లోడుతో తిరిగి వచ్చేసరికి దాని ఖాళీ తూకం మీ దగ్గర ఉండాలి. అది పోతే నికర బరువు తేల్చడం ఎలా? లారీని దింపించి మళ్లీ ఖాళీగా తూయమనే మాట ఏ డ్రైవరూ వినడు, రాయి కొన్నవారూ అమ్మినవారూ మీ గుమ్మంలోనే వాదులాడుకుంటారు.

విండోస్ విషయంలో మరొక అడ్డంకి ఉంది. మామూలు విండోస్ ఇన్‌స్టాలర్ యూఎస్‌బీలో పెట్టిన డిస్కు మీదికి ఎక్కడానికి ఒప్పుకోదు. మీ అన్నగారి అబ్బాయి రూఫస్ అనే సాఫ్ట్‌వేర్ వంటి సాధనంతో ఎక్కించి ఉంటాడని అనుకుంటున్నాను. మైక్రోసాఫ్ట్ తానుగా ఇలాంటి సదుపాయాన్ని విండోస్ టు గో అనే పేరుతో 2012లో విండోస్ 8తో పాటు, పెద్ద సంస్థల కోసం ఇచ్చింది. అప్పుడు కూడా ఏ పెన్‌డ్రైవ్ పడితే అది చాలుతుందని అనలేదు, ఆ పనికి తగినవని తాను పరీక్షించి ఒప్పుకున్న ప్రత్యేకమైన డ్రైవ్‌లనే వాడమన్నది. నడుస్తుండగా డ్రైవ్‌ను లాగేస్తే కంప్యూటర్ స్తంభించిపోయి, 60 సెకన్లలోగా తిరిగి పెట్టకపోతే ఆగిపోయేలా చేసింది. విండోస్‌ను కొత్త వెర్షన్‌కు మార్చుకొనే వీలు అందులో ఉండేది కాదు. చివరికి 2020లో వచ్చిన విండోస్ 10 వెర్షన్ నుంచి ఆ సదుపాయాన్నే తీసివేశారు. కాబట్టి ఇప్పుడు మీరు నడుపుతున్నది తయారీదారు అండ లేని ఏర్పాటు. రేపు ఒక అప్‌డేట్ తరువాత అది లేవకపోతే ఫిర్యాదు చేయడానికి చోటు లేదు.

ఇది ఇంటి కంప్యూటర్లకే పరిమితమైన ఇబ్బంది అనుకోవద్దు. పెద్ద సర్వర్లలో వాడే, వీఎమ్‌వేర్ సంస్థ వారి ఈఎస్‌ఎక్స్‌ఐ అనే వ్యవస్థను ఏళ్లపాటు చిన్న పెన్‌డ్రైవ్ నుంచో ఎస్‌డీ కార్డు నుంచో నడిపించేవారు. అది మొదలయ్యేటప్పుడు కంప్యూటర్ ర్యామ్‌లోకి ఎక్కి, ఆ తరువాత పెన్‌డ్రైవ్ మీద దాదాపు ఏమీ రాసేది కాదు కాబట్టి సాగింది. 7వ తరం వచ్చాక అది డిస్కు మీద రాసేది పెరిగింది, పెన్‌డ్రైవ్‌లు, కార్డులు చెడిపోవడం మొదలైంది, అప్పుడు ఆ సంస్థే ఈ పద్ధతిని మానుకోమని చెప్పింది. చదవడం ఎక్కువ, రాయడం అతి తక్కువ అయినచోట పెన్‌డ్రైవ్ నుంచి కంప్యూటర్ నడపడం తప్పు కాదని కూడా దీన్నిబట్టి తెలుస్తోంది. పప్పీ లినక్స్ వంటి చిన్న ఆపరేటింగ్ సిస్టమ్‌లు మొత్తంగా ర్యామ్‌లోకి ఎక్కి నడుస్తాయి, వాటిని పెన్‌డ్రైవ్ మీద హాయిగా వాడవచ్చు. మీ పని దానికి పూర్తిగా వ్యతిరేకం. రోజంతా చిన్న చిన్న రాతలు, వాటికి తోడు విండోస్ తనంతట తాను రాసుకొనే పద్దులు, వెతుకులాట సూచికలు, ర్యామ్ చాలనప్పుడు డిస్కు మీదికి దించే భాగాలు.

ఇక మీరు అడగని ఒక విషయం. రెండేళ్లలో రెండు డిస్కులు పోవడానికి దుమ్ము, అదురు అని చెప్పి ఊరుకోవడం నాకు తృప్తికరంగా లేదు. హార్డ్ డిస్కు లోపలికి రాతి దుమ్ము అంత తేలికగా పోదు. పెట్టె మూసి ఉంటుంది, గాలి పీల్చే చిన్న రంధ్రానికీ వడపోత ఉంటుంది. అదురు మాత్రం నిజమైన శత్రువే. నిమిషానికి 5,400 లేదా 7,200 సార్లు తిరిగే పళ్లెం మీద, వెంట్రుక మందంలో వేలవంతు ఎత్తున తేలే హెడ్‌కు, నిండు లారీ ప్లాట్‌ఫారం మీదికి ఎక్కినప్పుడల్లా వచ్చే కుదుపు మంచిది కాదు. దుమ్ము చేసే చెడు వేరు. అది ఫ్యానులలో, కంప్యూటర్ భాగాలకు కరెంటు అందించే ఎస్‌ఎమ్‌పీఎస్ గూటిలో పేరుకొని గాలి ఆడకుండా చేస్తుంది, వేడి పెరుగుతుంది, వేడికి ఎస్‌ఎమ్‌పీఎస్ ఇచ్చే కరెంటు నిలకడ తప్పుతుంది. చీమకుర్తి ఎండలలో రేకుల గదిలో ఉన్న కంప్యూటర్ ఏ స్థితిలో ఉంటుందో నేను వేరే చెప్పనక్కరలేదు. అందుకే నాకు అసలు అనుమానం ఎస్‌ఎమ్‌పీఎస్ మీదా, ఎర్తింగ్ మీదా, జనరేటరుకు మారేటప్పుడు వచ్చే ఒడిదుడుకుల మీదా. కరెంటు పనివారిని పిలిచి ముందు ఎర్తింగ్ చూపించండి. ఎస్‌ఎమ్‌పీఎస్ పాతదైతే, పేరున్న సంస్థది కొత్తది వేయించండి. కంప్యూటర్‌కూ, కాటా బరువు చూపే ఇండికేటర్‌కూ కలిపి ఒక యూపీఎస్ ఉండాలి, ఉంటే దాని బ్యాటరీ నిజంగా నిలుస్తున్నదో లేదో మెయిన్ ఆపి చూడాలి. ఇవేవీ సరిచేయకుండా ఎంత ఖరీదైన డిస్కు పెట్టినా దానికీ అదే గతి పట్టవచ్చు, ఎందుకంటే చెడ్డ కరెంటును ఎస్‌ఎస్‌డీ కూడా తట్టుకోలేదు. సీపీయూ పెట్టెను నేల మీద నుంచి తీసి, కింద రబ్బరు ముక్కలు వేసి, ప్లాట్‌ఫారానికి దూరంగా ఉన్న గోడ వైపు ఎత్తులో పెట్టి, నెలకొకసారి బ్లోయరుతో ఊదించండి.

ఆ తరువాత 240 జీబీ పరిమాణంలో 2.5 అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీ కొనండి. మీ పనికి అంతకంటే పెద్దది అవసరం లేదు. తీసేసిన హార్డ్ డిస్కుకు తగిలించిన పలుచని సాటా తీగ, ఎస్‌ఎమ్‌పీఎస్ నుంచి వచ్చే కరెంటు తీగ, అవే రెండూ దీనికీ సరిపోతాయి, కాబట్టి మీ కంప్యూటర్ పాతదని సంకోచించనక్కరలేదు. అయితే ఆ సాటా తీగను మాత్రం కొత్తది వేయించండి. వదులైన తీగ వల్ల బాగున్న డిస్కు కూడా చెడిపోయినట్లు కనిపించడం చాలా మామూలు. పెట్టెలో దానికి తగిన అర లేకపోతే అడాప్టర్ పళ్లెం దొరుకుతుంది. కదిలే భాగాలు లేవు కనుక అది ఏ వైపుకు తిరిగి ఉన్నా పరవాలేదు. బయాస్‌లో, అంటే విండోస్ కంటే ముందు తెరుచుకొనే కంప్యూటర్ సెట్టింగులలో, డిస్కు పద్ధతి ఏహెచ్‌సీఐ (సాటా డిస్కులకు తగిన పద్ధతి) అని ఉందో లేదో చూసి, ఆ తరువాతే విండోస్ వేయాలి. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. మీ కంప్యూటర్ విండోస్ 11కు అర్హమైనది కాకపోతే, కాటా పనికి మాత్రమే దాన్ని వాడి, ఇంటర్‌నెట్‌కు దూరంగా ఉంచడం మంచిది.

కాటా సాఫ్ట్‌వేర్ ఇచ్చినవారితో ముందే మాట్లాడండి. కొన్ని సాఫ్ట్‌వేర్‌ల లైసెన్సు డిస్కు సంఖ్యకు ముడిపడి ఉంటుంది, కొన్నిటికి విడిగా యూఎస్‌బీ లాక్ ఉంటుంది. మొదటి రకమైతే డిస్కు మారిన ప్రతిసారీ వారు మళ్లీ అనుమతి ఇవ్వాలి. ఇండికేటర్ నుంచి వచ్చే తీగను యూఎస్‌బీ కన్వర్టరు ద్వారా తగిలించి ఉంటే, అది ఇప్పుడు ఏ పోర్టులో ఉన్నదో గుర్తు పెట్టుకొని తిరిగి అందులోనే పెట్టండి. పోర్టు మారితే విండోస్ దానికి కొత్త కామ్ సంఖ్య (ఆ తీగను గుర్తించే సంఖ్య) ఇవ్వవచ్చు, సాఫ్ట్‌వేర్ మాత్రం పాత సంఖ్య దగ్గరే వెతుకుతుంది, అప్పుడు తెర మీద బరువు కనిపించక కాటాయే చెడిపోయిందని కంగారు పడతారు.

రాత్రి ఇంటికి తీసుకువెళ్లే సౌకర్యాన్ని వదులుకోవడం మీకు ఇష్టం లేకపోతే, యూఎస్‌బీ పెట్టెలో బిగించిన ఎస్‌ఎస్‌డీని వాడుకోవచ్చు. చూడటానికి అదీ బయట వేలాడేదే అయినా లోపల ఉన్నది అసలైన ఎస్‌ఎస్‌డీ, అరుగుదల విషయంలో దానికి పెన్‌డ్రైవ్‌తో పోలిక లేదు. విండోస్‌కు మాత్రం అది యూఎస్‌బీ డిస్కే కనుక పైన చెప్పిన అండ లేకపోవడం దానికీ వర్తిస్తుంది, అందుకే నా ఓటు లోపల బిగించే దానికే. పైగా రోజూ తీసి పెట్టే వస్తువు ఒకరోజు ఇంట్లో మరచిపోతారు, ఉదయం అయిదింటికే లారీలు వరుసలో నిలబడి ఉంటాయి.

డిస్కు తెచ్చుకొనేదాకా పెన్‌డ్రైవ్ మీదే నడపక తప్పదు కనుక కొన్ని జాగ్రత్తలు పాటించండి. ముందు వైపు పోర్టులో పెడితే మోకాలో చీపురో తగిలి ఊడిపోతుంది, వెనుక వైపు, నేరుగా బోర్డు మీద ఉన్న పోర్టులో పెట్టండి. విండోస్‌లో వెతుకులాట సూచికను ఆపించండి, ఆ కంప్యూటర్‌లో యూట్యూబ్, వాట్సాప్ తెరవవద్దు, బ్రౌజర్లు ఎడతెరిపి లేకుండా డిస్కు మీద రాస్తాయి. సగం చోటు ఖాళీగా ఉండనివ్వండి. అన్నిటికంటే ముఖ్యం, ఈ కొద్ది రోజులూ ఒక రిజిస్టరు పుస్తకం పక్కన పెట్టుకొని, ప్రతి ఖాళీ తూకాన్నీ లారీ నంబరు, సమయంతో సహా చేత్తో రాయించండి. పాత పద్ధతే అయినా దానికి కరెంటు అక్కరలేదు.

ఇదంతా చదివి ఇంకో పెన్‌డ్రైవ్ కొనవద్దని అంటున్నానని అనుకోకండి. మీకు రెండు పెన్‌డ్రైవ్‌లు కావాలి, పని మాత్రం వేరు. రోజూ కాటా మూసే ముందు సాఫ్ట్‌వేర్ డేటాబేస్ ఫైలును పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించండి, ఒకరోజు ఒకటి, మరుసటి రోజు రెండోది. అప్పుడు ఒకటి పాడైనా రెండోదానిలో పోయేది ఒక్కరోజు లెక్క మాత్రమే. రోజుకు ఒక్కసారి, ఒకే పెద్ద ఫైలు ఏకధాటిగా రాయడం అనేది పెన్‌డ్రైవ్‌ను ఏ పనికోసం తయారుచేశారో సరిగ్గా అదే. అబ్బాయి కోరినట్లు రాత్రి జేబులో వేసుకొని ఇంటికి తీసుకువెళ్లవలసినది ఇది. వాటిలో మీ పార్టీల పేర్లు, బరువులు అన్నీ ఉంటాయి కనుక ఫైలుకు పాస్‌వర్డ్ పెట్టి దాచండి, పోతే ఎవరి చేతికి చిక్కుతుందో చెప్పలేం. కొనేటప్పుడు నమ్మకమైన దుకాణంలో, పేరున్న సంస్థవే కొనండి. చవకగా వెయ్యి, రెండు వేల జీబీ అని అమ్మే వాటిలో అసలు చోటు అందులో పదో వంతు కూడా లేకుండా, పరిమాణం మాత్రం తప్పుగా చూపించేవి ఉంటాయి. అవి నిండేదాకా బాగానే ఉన్నట్లు కనిపించి, ఆపైన రాసినదంతా చెడగొడతాయి. హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే చిన్న ఉచిత సాధనం డ్రైవ్ నిండా రాసి తిరిగి చదివి నిజం చెబుతుంది, కొన్న రోజునే మీ అన్నగారి అబ్బాయి చేత అది చేయించండి.

ఇప్పుడు విండోస్ ఉన్న ఆ 64 జీబీ పెన్‌డ్రైవ్‌ను మాత్రం బ్యాకప్‌కు వాడకండి, ఇప్పటికే ఎంత అరిగిందో తెలుసుకొనే మార్గం లేదు. బ్యాకప్ మొదలుపెట్టిన వారంలోనే ఒకసారి ఆ ఫైలును ఇంటి దగ్గరి కంప్యూటర్‌లో తెరిపించి, ముందురోజు తూకాలు అందులో నిజంగా ఉన్నాయో లేదో రిజిస్టరుతో సరిచూడండి. ఉంటే, అప్పటిదాకా రిజిస్టరులో చేత్తో రాయించిన పనిని మానుకోవచ్చు.